కాల్చేస్తానండీ

ఏసీ గదిలో ఉద్యోగమంటే ఇరుగుపొరుగు కుళ్ళుకుంటారు. మైకు ఆన్ చేస్తే ఏసీ ఆఫ్ చేయాలని వాళ్ళకెవరు చెబుతారు? డబ్బింగు గదిలో అండీగారు చెమటలు కక్కుతూ, అంతరిక్షంలో చలికి వణికేవాడి గొంతు పెట్టి మూడో టేకు చెబుతున్నాడు.

ఇరవై రెండేళ్ళుగా ఆయన పని గుంపు గొంతులు. సంతలో అరుపులు, ఆసుపత్రిలో మూలుగులు, నిప్పంటుకుంటే "పరిగెత్తండి!" ఇంట్లో టీవీ ముందు కూర్చుని, "ఇదిగో, ఇప్పుడు, ఆ మూడో కేక నాది," అనేవాడు. "రెండోది బాగుంది," అనేది భార్య.

కాస్త మొహమున్న పాత్ర ఒక్కటే దొరికింది. ఒక అంతరిక్ష నౌక సీరియల్లో తలుపు దగ్గర కాపలావాడు. ఆ నటుడికి మాట అయిపోయాక కూడా దవడ ఆడించే అలవాటు. తెలుగు డైలాగు ముగిసేది, పెదాలు మిగిలిపోయేవి. ఆ ఖాళీ పూడ్చడానికి ఈయన చివర్లో "అండీ" తగిలించాడు. దాంతో కాపలావాడు ఎనిమిది కళ్ళ రాక్షసుడికి తుపాకి గురిపెట్టి, "ఆగకపోతే కాల్చేస్తానండీ," అన్నాడు. జనం పడీ పడీ నవ్వారు, తరవాత ప్రేమించారు. అప్పట్నుంచి స్టూడియోలో ఈయన అండీగారే. అసలు పేరు రేషన్ కార్డులో ఉంది.

ఆ సీరియల్‌కి ఆయనా వీరాభిమానే. నౌకలో ఎన్ని తలుపులో, వాటిలో ఏది కిర్రుమంటుందో చెప్పగలడు. సొంత ఫోను నంబరు మాత్రం భార్యనడగాలి.

ఇప్పుడు ఆ సీరియల్ నుంచి ఒక కార్టూన్ పుట్టుకొచ్చింది. మొదటి భాగానికి కాపలావాడే హీరో. పొద్దుటినుంచీ దాన్ని చూస్తూ ఏడవాలో నవ్వాలో ఆయన తేల్చుకోలేకపోతున్నాడు. కాపలావాడి బొజ్జ మాయం. నడుము గాజులో దూరేలా ఉంది. కళ్ళు చెవులదాకా గీశారు. నౌక గోడ మీద ఒక్క మరక లేదు. అయితే పాత సీరియల్లో కాపలావాడు డ్యూటీ దిగి ఎక్కడికెళ్తాడో ఒక్కసారీ చూపించలేదు. ఇందులో అతనికో గది ఉంది, దుప్పటి ఉంది, దాన్ని మడతపెట్టడం రాదు. అది చూశాక అండీగారు రెండుసార్లు మంచినీళ్ళు తాగాడు.

చిక్కల్లా ఒకటే. బొమ్మల పెదాలు కొలిచి గీస్తారు. మాట అవగానే టక్కున మూసుకుంటాయి. "అండీ"కి చోటు లేదు.

"సార్, మాట మళ్ళీ పెదాలు దాటి బయటికొస్తోంది," అంది అద్దం అవతల నుంచి డైరెక్టరమ్మ. "కాల్చేస్తాను దగ్గరే నోరు మూసేశాడు."

"కొంచెం తొందరగా అంటానమ్మా. ఇరికిద్దాం."

"ఇరికించడానికి ఇదేమన్నా సిటీబస్సా సార్?"

"అండీ లేకపోతే వాడు మామూలు కాపలావాడైపోతాడమ్మా."

"మామూలు కాపలావాడే కద సార్?"

ఆయన "అండీ" తీసేసి చెప్పాడు. చక్కగా, శుభ్రంగా, ఇంకెవరో చెప్పినట్టు వచ్చింది.

సాయంత్రానికి చివరి సీను. నౌక బయల్దేరాలంటే తలుపు బయటి నుంచి ఎవరో ఒకరు మూయాలి. కాపలావాడు టోపీ తీసి లోపలి పిడికి తగిలించాడు. దిగాడు. తలుపు మూశాడు. తలుపుకున్న అద్దంలోంచి చూస్తే, తెల్లటి దుమ్ములో నడిచి వెళ్ళిపోతున్న అతని వీపు. స్క్రిప్టులో ఆ చోట "మాట లేదు" అని ఉంది.

వీపు! గుంపు గొంతులవాడికి బాగా తెలిసిన కిటుకు అదొక్కటే. మనిషి వెనక్కి తిరిగితే పెదాలుండవు, ఏ మాటైనా పడుతుంది. ఆయన ఎవర్నీ అడగలేదు. మైకు దగ్గరికి జరిగి, మెల్లిగా, "వెళ్ళొస్తానండీ," అన్నాడు.

సౌండు ఇంజనీరు బొమ్మ ఆపేశాడు. అండీగారు మెడ తుడుచుకుంటూ సంజాయిషీ వెతుక్కుంటున్నాడు.

"ఉంచేద్దామండీ," అంది, పొద్దుటినుంచీ సార్ అన్న డైరెక్టరమ్మ.

అమ్మా, అయ్యా, ఇక్కడే మీ సాయం కావాలి. ఇంకో గంటలో ఆయన ఇల్లు చేరతాడు. నోరే కనబడని చోట అన్న ఒక్క మాట గురించి భార్య దగ్గర గొప్ప చెప్పుకోవచ్చంటారా? చెప్పుకుంటే ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి? మీకు తోచింది చెప్పి పుణ్యం కట్టుకోండి. ఆయన ఇంకా తెరకేసే చూస్తున్నాడు. అక్కడ, కాపలావాడు పిడికి తగిలించి పోయిన టోపీ, ఊగుతూ ఊగుతూ ఒక పక్కకి ఒరిగి, అలా ఆగి ఉంది.