కింది చక్రానికి గాటు

టక్.

షెడ్డులో రేకు వంచే యంత్రం దగ్గర కోడలు ఆగింది. రేకును ఇంకాస్త ముందుకు తోసింది. మళ్ళీ టక్. పైన పెద్ద చక్రం, కింద చిన్న చక్రం. వాటి నడుమ నలుగుతూ వంపు తిరగాల్సిన కారు మడ్‌గార్డ్ మీద, చక్రం తిరిగినప్పుడల్లా ఒక బొడిపె లేస్తోంది. కింది చక్రానికి గాటు పడింది.

"ఆపు!" మూల బల్ల మీంచి మావయ్య లేచాడు. "వెల్డింగ్ గరుకు తీయకుండా తోసేశావు కదూ? చక్రం పాడుచేస్తే మళ్ళీ షెడ్డులో అడుగు పెట్టనివ్వనని మొదటిరోజే చెప్పాను."

"మొన్న సాయంత్రం దాకా బాగానే ఉంది. నిన్నంతా నేను చక్రం ముట్టుకోనేలేదు మావయ్యా."

"మరి దెయ్యం తోసిందా?"

ఆమెకు ఒకటి గుర్తొచ్చింది. నిన్న మధ్యాహ్నం కునుకులో ఈ చక్రం కీచుమనడం విన్నది. కల అనుకుంది. మూసిన షెడ్డులో ఎవరు తిప్పుతారు?

మావయ్యయితే చేతులు వణుకుతున్నాయని పని తనకప్పగించి మూల బల్లకే పరిమితమయ్యాడు. భార్యను కాటికి సాగనంపి వచ్చిన మధ్యాహ్నం కూడా షెడ్డు తెరిచిన మనిషి.

బల్ల కింద ఏదో మెరిసింది. వంగి లాగింది. రెండు ముక్కలు అతికిన రేకు. అతుకు మీద ఆకురాయి ఆడినట్టే ఉంది గానీ, గరుకు ఇంకా ఆవగింజల్లా మిగిలే ఉంది. కళ్ళతో చూసేవాళ్ళెవరూ అలా వదలరు. వేళ్ళను నమ్మేవాళ్ళు తప్ప.

"చూడకమ్మాయ్, తడుము" అని తనకు నేర్పింది ఎవరు?

మావయ్య చెయ్యి పట్టుకుని మడ్‌గార్డ్ మీద పెట్టింది. ఆయన వేళ్ళు బొడిపె మీంచి వెళ్ళాయి, వచ్చాయి.

"ఏదీ? నున్నగానే ఉందిగా."

ఆయన తల వంచి చూశాడు. బొడిపె వేలి కిందే ఉంది. గట్టిగా నొక్కాడు. వేలికి ఏమీ తెలియలేదు. ఆ చేతిని పరాయివాళ్ళ చేతిలా తిప్పి చూసుకున్నాడు.

"నిన్న మధ్యాహ్నం ఊరికే కూర్చోలేకపోయానమ్మా," అన్నాడు.

తోలు ఏప్రన్ విప్పి చక్రం మీద వేసి, గుమ్మం దాటాడు. ఎదురొచ్చిన కొడుకు ఆయన్ని తప్పుకుని లోపలికొచ్చాడు.

"మడ్‌గార్డ్ కోసం కారాయన వచ్చేస్తున్నాడు, అయిందా?" రేకు మీది బొడిపెలు చూశాడు. భార్య వైపు తిరిగాడు. "నీ పనేనా ఇది?"

"అవును... నేనే చూసుకోకుండా..."

"దాన్నేమీ అనకు," బయట్నుంచి మావయ్య గొంతు వినిపించింది. "చక్రం పాడుచేసింది మీ నాన్నరా."