వీపు వెనక రేపు

లోసేలి ఇంగ్లీషు టెన్సులు చెప్పేటప్పుడు నల్లబల్ల జోలికి పోదు. పిల్లల్ని బడి ఆవరణలో వరసగా నిలబెడుతుంది. గడిచిపోయింది ముందుంటుంది, కళ్ళారా చూశాం గనక. రాబోయేది వీపు వెనక ఉంటుంది, ఎవరికీ కనబడదు గనక. టోంగా దీవుల్లో ఎవర్నడిగినా కాలం అలాగే నిలబడి ఉందంటారు. 'వెంట్' అంటే ఒకడుగు ముందుకు, 'విల్ గో' అంటే ఒకడుగు వెనక్కి. కాళ్ళతో నేర్చుకున్నది పిల్లల నాలుక మర్చిపోలేదు.

ఆమెది తాత్కాలిక ఉద్యోగం. రాజధాని నుంచి పడవలో వచ్చిన స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్ ఫీనౌ సరేనంటే ఉంటుంది, కాదంటే ఈ టర్ముతో సరి. ఈ పిల్లల్ని వదిలి వెళ్ళడం ఆమెకు బొత్తిగా ఇష్టం లేదు.

ఫీనౌ కూడా టోంగావాడే. విదేశం వెళ్ళి ఆక్లండ్‌లో చదువుకొచ్చాడు, ఆ చదువింకా అరగలేదు. టోంగా మర్యాద ప్రకారం బట్టల మీద నడుముకు చాప చుట్టుకుని, చెమటలు కక్కుతూ పాఠం చూశాడు.

"ఏం టీచరమ్మా, పిల్లల్ని వెనక్కి నడిపిస్తున్నావేంటి? రేపనేది ముందు కదా ఉండేది."

"వాళ్ళకి ఇలాగే బుర్రకెక్కుతుంది సార్."

"పుస్తకంలో రేపటి బాణం ముందుకే ఉంది, చూళ్ళేదా? వాళ్ళనీ అటే నడిపించు."

నడిపించింది. ఇక చూడాలి ఆ గందరగోళం. వారమంతా పొల్లుపోకుండా చెప్పిన పిసిలా అనే పిల్ల, నిన్న తిన్న చేపను రేపు తింటానంది. మిగతావాళ్ళు ఒకర్నొకరు గుద్దుకున్నారు.

"వీళ్ళకేం రాదే," అని ఫీనౌ ఏదో రాసుకున్నాడు. లోసేలి పిల్లల్ని మళ్ళీ వరసలో నిలబెట్టింది.

పడవ వేళయింది. గేటు దాకా సాగనంపుతూ, "నా ఉద్యోగం సంగతి ఎప్పుడు తెలుస్తుంది సార్?" అని అడిగింది.

"వచ్చే వారం," అన్నాడు ఫీనౌ. అంటూనే బొటనవేలితో భుజం మీదుగా వెనక్కి చూపించాడు.

వరసలోంచి పిసిలా కిసుక్కున నవ్వింది. "సారు కూడా వెనక్కే చూపించారు టీచర్."

ఆయన తన వేలికేసి చూసుకున్నాడు, అదెవరిదో అన్నట్టు. "మా అమ్మ ఇలాగే చూపించేది," అన్నాడు. రాసుకున్నది కొట్టేశాడు. తిరిగొచ్చి వరసలో పిసిలా పక్కన నిలబడ్డాడు.

"పడవ ఆగుతుందిలే. ఇదిగో, ఇప్పుడు నేనో వాక్యం చెబుతా, అందరూ అడుగెయ్యండి. లోసేలి టీచర్ విల్ స్టే."

పిల్లలంతా ఒక్కసారిగా ఒకడుగు వెనక్కి వేశారు. ఫీనౌ కూడా వేశాడు.