పడవ మిషను చప్పుడు

చిట్టెమ్మ మడమతో నేలమీద రెండుసార్లు తన్నింది. యెహెజ్కేలు తలెత్తాడు. అప్పటిదాకా అతను ఇంటిముందు పాకలో, రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే మోటారు ఒకదాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. జానెడున్నర పొడుగున్న స్క్రూడ్రైవరు మొనని తిరుగుతున్న మోటారుకి ఆనించి, దాని కర్రపిడిని పళ్ళమధ్య కరిచిపట్టుకున్నాడు. పళ్ళలోంచి దవడలోకి, దవడలోంచి తలలోకి పాకే అదురుని బట్టి లోపల ఏది అరిగిందో, ఏది వదులైందో చెప్పేస్తాడు. చెవులతో పనిలేదు. ఉన్నా, అవి పనిచెయ్యడం మానేసి చాలాకాలమైంది.

ఈ సంగతి లోకంలో చిట్టెమ్మ ఒక్కదానికే తెలుసు. అందుకే ఆమె మొగుణ్ణి పిలవదు, నేలని తంతుంది.

ముప్ఫయ్యొక్క ఏళ్ళు అతను బుచ్చిరాజుగారి రైసుమిల్లులో ఆయిలుమ్యానుగా చేశాడు. పొడుగుమూతి నూనెడబ్బా పట్టుకుని రోజుకు మూడుసార్లు ప్రతి బేరింగు దగ్గరికీ వెళ్ళి రెండేసి చుక్కలు పోయడం, ఏ మూల కొత్త చప్పుడు పుట్టినా అందరికంటే ముందు పసిగట్టడం, అదీ ఉద్యోగం. ఆ చప్పుళ్ళే నెమ్మదిగా చెవులు రెండూ తినేశాయి. మిల్లు మూతబడేనాటికి కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవికి పిడుగులాంటిది పడితే కొద్దిగా వినపడేది, ఇప్పుడదీ లేదు. చెవిటి మెకానిక్కుకి మోటార్లెవరిస్తారు? అందుకని ఎవరికీ చెప్పలేదు. ఎదటివాళ్ళ పెదాలు చదవడం నేర్చుకున్నాడు. అర్థమైనదానికీ కానిదానికీ "ఆయ్" అనేవాడు. గోదావరి జిల్లాల్లో ఆ ఒక్కమాటతో మనిషి బతుకంతా వెళ్ళదీసెయ్యొచ్చు, ఎవరికీ అనుమానం రాదు. జనం ఎదట పనిచెయ్యాల్సివస్తే స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించుకుని, కళ్ళుమూసుకుని తలాడించేవాడు. అది నాటకం. వాళ్ళు అటు తిరగ్గానే పళ్ళతో పట్టేవాడు. ఆ పిడి చివరంతా పళ్ళగాట్లు పడి, ఎలక కొరికిన చెరుకుముక్కలా తయారైంది.

పాక బయట కారుంది. బుచ్చిరాజుగారి డ్రైవరు బుల్లబ్బాయి నెరిసిన మీసం సవరించుకుంటూ నిలబడ్డాడు.

"రాజుగారు రమ్మంటన్నారండీ. పడవ మిషను గోల చేత్తందంట."

"ఆయ్" అన్నాడు యెహెజ్కేలు. సంచీ భుజాన వేసుకున్నాడు.

కారు భీమవరం ఊరిచివర బుచ్చిరాజుగారి పాత మేడ ముందు ఆగింది. ఆయనకి అంతకు ముందు ఏడాది గుండె ఆపరేషనైంది. రోజూ నడవమన్నారు డాక్టర్లు. రోడ్డెక్కితే అడుగడుక్కీ ఎవరో ఒకరు ఆపి ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు. వాళ్ళకి జవాబు చెప్పేసరికి ఎండెక్కిపోతుంది. అలా లాభంలేదని, ఆయన డాక్టరుగారినడిగి హైదరాబాదు నుంచి ఈ మిషను తెప్పించుకున్నారు. గోదావరి పుష్కరాలు వెళ్ళిన మరుసటి నెలలో లారీలో దిగింది. సీటుమీద కూర్చుని, హ్యాండిలు పట్టుకుని, తెడ్డు వేసినట్టు వెనక్కి లాగాలి. లాగినప్పుడల్లా సీటు పొడుగాటి కమ్మీమీద వెనక్కి జారుతుంది, ముందున్న పెట్టెలో ఇనపచక్రం తిరుగుతుంది. ఎంత లాగినా గదిలోంచి అంగుళం కదలని ఆ సరంజామాకి ఇంట్లోవాళ్ళు పడవ మిషనని పేరు పెట్టుకున్నారు.

మేడమీద గదిలో రాజుగారు బనీనూ తెల్లనిక్కరుతో, సిద్ధంగా కూర్చుని ఉన్నారు. ఒకప్పుడు మిల్లుగేటు పట్టనంత మనిషి. ఇప్పుడు బనీను మెడలోంచి ఆపరేషను గాటు నిలువుగా కనిపిస్తోంది.

"రండి రండి యెహెజ్కేలూ. దీని అరుపు వినండి ముందు" అంటూ ఆయన నాలుగుసార్లు లాగారు. ఆ ఇంట్లో పనివాళ్ళకీ పిల్లలకీ కూడా అండీలు తప్పవు. "ఎదురింటి అరుగుమీద పేకాడేవాళ్ళకి వినపడిపోతోందండీ. నేను కిందికి దిగితే చాలు, ఏవండీ ఈవేళ యానాందాకా వెళ్ళొచ్చారా, పులసలేమైనా పడ్డాయా అని ఒకటే వెటకారం. ఈ చప్పుడు బొత్తిగా పోవాలి. చీమ నడిచినట్టుండాలి."

యెహెజ్కేలు స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని, కళ్ళుమూసుకుని, తలాడించాడు. ఎడమ అరచెయ్యి మాత్రం కమ్మీమీద ఉంది. విన్నదంతా ఆ చెయ్యే.

"మూడున్నాయండి" అన్నాడు.

"ఒక్కటే అనుకున్నానండీ నేను. మూడా!" రాజుగారు సంబరపడిపోయారు. "మీ చెవి చెవేనండీ. ఇన్నేళ్ళయినా తగ్గలేదు."

ఆయన కాఫీకని కిందికి వెళ్ళగానే యెహెజ్కేలు పిడిని నోట్లో పెట్టుకుని, ఒక చేత్తో సీటు జరుపుతూ మళ్ళీ వెతికాడు. మొదటిది సీటుకింది చిన్నచక్రాల్లో ఉంది. కమ్మీమీద వేలుపెడితే జిగురుగా అంటుకుంది. వాసన చూశాడు. ఆముదం. తలుపుబందు కిర్రుమంటే ఆముదం చుక్క వేసే ఇల్లు, దీనికీ పోసేశారు. ఆ జిడ్డుకి దుమ్మూ దూదిపీచూ పట్టి, చక్రాలకి నల్లటి బెల్లప్పాకంలా అతుక్కుపోయింది. ఇలాంటి కమ్మీని పొడిగా ఉంచాలే తప్ప ఏ నూనే తగలనివ్వకూడదు.

కిరసనాయిలు కోసం కిందికి దిగాడు. వంటింటి గుమ్మంలో బుచ్చిరాజుగారి భార్య రత్నమాణిక్యంగారు ముక్కాలిపీటమీద కూర్చుని గోంగూర ఒలుస్తున్నారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మేడమెట్లు రోజుకొకసారి ఎక్కడమే గగనం. ముందు తలుపువైపు చూసి, భర్త అరుగుమీద పేపరు చదువుకుంటున్నారని రూఢి చేసుకున్నాక, యెహెజ్కేలుని దగ్గరికి రమ్మని చెయ్యూపారు.

"ఆయన చెప్పినట్టు చప్పుడంతా తీసెయ్యకండీ. కాస్త ఉంచండి."

ఆవిడ మొహం అతనికెదురుగానే ఉంది. మాట మాటా అర్థమైంది.

"ఆ కిర్రు కిర్రు వినపడుతుంటే నేనిక్కడ వంట చేసుకుంటానండి. ఆగితే పైకి చూస్తాను. నేను చీటికీ మాటికీ మెట్లెక్కలేనుగా. పక్కన మనిషిని కూర్చోబెడతానంటే ఆయనకి కోపం. ఆ చప్పుడే నాకు కాపలా. ఆయనతో అనకండి."

"ఆయ్" అన్నాడు యెహెజ్కేలు.

కిరసనాయిలు పట్టుకుని మెట్లెక్కుతూ ఆలోచించాడు. కాస్త ఉంచడమంటే ఎంత? వంటింట్లోకి వినపడి, ఎదురింటి అరుగుమీదికి వినపడకుండా ఉండేంత. అది తెలియాలంటే వినాలి. ఆవిడని పైకి రమ్మనలేడు. కిందనుంచి అడిగి, ఇప్పుడు చాలా, ఇంకా తగ్గించనా అని బేరమాడటానికి ఆవిడ జవాబు వినపడాలి. చప్పుడు పూర్తిగా చంపెయ్యడం అతనికి చేతనవును, వేలికి అదురు తగలకపోతే చచ్చినట్టు లెక్క. కొంచెం బతికించి ఉంచడం మాత్రం చెవులున్నవాడి పని. ఆ మాట ఆవిడతో చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. రేపు చెరువుల దగ్గర పదిమందికి తెలిసిపోతుందని భయం వేసింది.

కమ్మీనీ చక్రాలనీ కడిగి పొడిగుడ్డతో తుడిచాడు. రెండోది వెనకకాలు నట్టు. బిగించాడు, అయినా లాగినప్పుడల్లా కాలు నేలకి కొట్టుకుంటోంది. టేకు దూలాలమీద వేసిన పాతనేల అక్కడ రూపాయిబిళ్ళ మందాన కుంగింది. సంచీలోంచి మిల్లుబెల్టు తోలుముక్క తీశాడు. మిల్లు పడగొట్టిన రోజు అందరూ ఇనుము ఏరుకుంటుంటే అతను తెచ్చుకున్నదిదే. గోరంత ముక్క కోసి కాలికింద దూర్చాడు. మూడోది ఇనపచక్రం బేరింగు. పెట్టె విప్పి, ఎండిపోయిన గ్రీజు గీకి కొత్తది నింపాడు. చక్రాన్ని వేలితో తిప్పి వదిలితే ఎంతసేపటికీ ఆగలేదు. స్క్రూడ్రైవరు మొన ఆనించి పళ్ళతో పట్టాడు. నూనె జారినంత మెత్తగా ఉంది. మిల్లు మూతబడ్డాక ఈ మూడేళ్ళలో అంత బాగా కుదిరిన పని మరొకటి లేదు. స్క్రూడ్రైవరు కిటికీలో పెట్టి, చేతులు తుడుచుకుని, రాజుగారిని పిలిచాడు.

ఆయన ఎక్కి పదిసార్లు లాగారు. చెవి ఒగ్గి విన్నారు. మళ్ళీ లాగారు.

"ఏవండీ, అసలేమీ లేదండీ!" చిన్నపిల్లాడిలా నవ్వారు. "ఇప్పుడడగమనండి పులసలు. మీరు కిందికెళ్ళి భోంచెయ్యండి. నేనో అరగంట లాగేసి వస్తాను."

వెనక వసారాలో రత్నమాణిక్యంగారు విస్తరి వేయించారు. యెహెజ్కేలు అక్కడి టేకు స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాడు. మేడమీది గదిని మోస్తున్నది ఆ స్తంభమే. ఒక్కొక్క లాగుడూ దానిగుండా దిగి వెన్నుకి తగులుతోంది. లాగుడు, జారుడు, లాగుడు. పైకి ఎవరికీ తెలియదు, అతని వెన్నుకి తెలుస్తోంది.

రత్నమాణిక్యంగారు పప్పు వడ్డించి, పైకప్పుకేసి చూశారు.

"మొదలెట్టారాండీ?"

"ఆయ్, లాగుతున్నారండి."

"నాకేమీ వినపడట్లేదే."

యెహెజ్కేలు తలొంచుకుని పప్పు కలుపుకున్నాడు. ఆవిడ గరిటె గిన్నెలో పెట్టారు. చెప్పిందెందుకు చెయ్యలేదని అడగలేదు. ముందుకు వంగి, అతనికి కనబడేలా, నెమ్మదిగా అన్నారు.

"మీకైతే వినపడుతుంది కదండీ, మిల్లు చెవి. ఆగగానే ఒక్కమాట చెప్పండి."

"ఆయ్."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయారు. అతను పప్పన్నం తిని, గోంగూర కలుపుకున్నాడు. లాగుడు, జారుడు. రాజుగారు హుషారుమీదున్నారు, కొత్తచెప్పులు వేసుకున్నవాడిలా జోరుగా పోతున్నారు. నాలుగో ముద్ద దగ్గర లాగుడు సగంలో తెగింది. అలిసిన మనిషి ముందు నెమ్మదిస్తాడు, తర్వాత ఆపుతాడు. ఇది నెమ్మదించలేదు. లాగుడు లేదు గానీ చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. సన్నటి అదురు స్తంభంలోంచి దిగుతోంది.

మిల్లులో ఒక కట్టుబాటుండేది. ఇంజను ఆపినంతమాత్రాన ఎవరూ ఆగిందని కేకవెయ్యకూడదు. బెల్టు జారిన చక్రం ఆగకుండా తిరుగుతూ ఉంటుంది, ఆగిందని నమ్మి చెయ్యిపెట్టినవాడి చెయ్యి పోతుంది. ఆఖరి చక్రం ఆఖరి చుట్టు తిరిగి నిలబడ్డాకే ఆయిలుమ్యాను ఆగిందని చెప్పాలి. ముప్ఫయ్యొక్క ఏళ్ళు యెహెజ్కేలు ఆ మాట ఒక్కసారైనా తొందరపడి చెప్పలేదు. ఇప్పుడూ ఆగాడు. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని లెక్కపెట్టాడు. ఇరవై. నలభై. బేరింగు బాగా కుదిరిందనుకున్నాడు. అరవైనాలుగు దగ్గర వెన్నుకి ఏమీ తగలలేదు.

"ఆగిందండి" అని కేకేశాడు.

ఆవిడ తలుపులోంచి చూసి, హమ్మయ్య అన్నట్టు నవ్వి, మజ్జిగ గ్లాసు పట్టుకుని మెట్లవైపు నడిచారు. ఒక్కొక్క మెట్టుకీ రెండు పాదాలూ ఆనించి ఎక్కారు. యెహెజ్కేలు విస్తరి మడిచి, పంపు దగ్గర చేతులు కడుక్కున్నాడు. ఆవిడ పైనుంచి కేక పెట్టారట. అతనికి తెలియదు. బుల్లబ్బాయి వీధిలోంచి పరిగెత్తుకొచ్చి పక్కనించి దూసుకుపోతే తెలిసింది.

రాజుగారు సీటుమీదే వెనక్కి ఒరిగి, గోడకి తల ఆనించి ఉన్నారు. హ్యాండిలు చేతుల్లోనే ఉంది. యెహెజ్కేలూ బుల్లబ్బాయీ మోసి కారెక్కించారు. ఆసుపత్రిలో డాక్టరు చూసి, వచ్చేటప్పటికే ప్రాణం లేదన్నాడు. ఎప్పుడు పోయిందని ఎవరూ అడగలేదు. అడిగినా ఆయనేం చెబుతాడు, నిమిషాల లెక్క ఆయన దగ్గరేముంది? అది యెహెజ్కేలు దగ్గరుంది.

పొద్దువాలేసరికి ఇంటినిండా జనం. ఎదురింటి అరుగుమీది పేకాటవాళ్ళు తలలొంచుకుని వరసగా కూర్చున్నారు. యెహెజ్కేలు సంచీ తీసుకుని వెళ్ళబోతూ రత్నమాణిక్యంగారి ముందు ఆగాడు. ఏదో చెప్పాలని ఉంది. తనకి చెవుడని చెప్పాలి, అరవైనాలుగు వరకూ లెక్కపెట్టానని చెప్పాలి. సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. ఆవిడే తలెత్తారు. మొహంలో కోపం లేదు, ఏడ్చిన జాడ కూడా లేదు.

"బాగా చేశారండి. ఏమీ వినపడలేదు."

పెదాలు కదిలినంతమేరా చదివాడు. అతనికి ఏడుపు రాలేదు. కాళ్ళలో, చేతుల్లో, ఎక్కడా ఏమీ తెలియలేదు. మూడుమైళ్ళూ నడిచి ఇంటికొచ్చాడు.

పాకలో చెరువు మోటారు పొద్దున వదిలినచోటే ఉంది. దానికోసం రేపు మనుషులొస్తారు. గొంతుక్కూర్చుని స్విచ్చి నొక్కాడు. సంచీలో చెయ్యి పెట్టి తడిమాడు, సంచీ బోర్లించి చూశాడు. తర్వాత గుర్తొచ్చింది. ఆ గుమ్మంలోకి వెళ్ళి ఫలానాది మరిచిపోయానండి అని అడగటం ఈ జన్మలో అయ్యే పని కాదు. వెనకనుంచి చిట్టెమ్మ మడమతో తన్నింది. ఆగి, మళ్ళీ తన్నింది. అతను తిరుగుతున్న మోటారుకేసి చూస్తూ కూర్చున్నాడు.

మేడమీద కిటికీలో, పడవ మిషనుకి జానెడు దూరంలో, చివరంతా పళ్ళగాట్లున్న కర్రపిడి స్క్రూడ్రైవరు ఉంది.