ఆకలి లేని దుంప

మామగారు జీవితమంతా హాస్టల్లో వంట చేసిన మనిషి. ఎవరి కంచం ఖాళీగా కనిపించినా ఆయన ప్రాణం ఊరుకోదు. అలాంటి మనిషి కళ్లెదుటే, బీరువా మీద, కోడలు ఒక మొక్క కుండీని నీళ్లు పోయకుండా ఎండబెట్టింది.

అందులో ఉన్నది ఉల్లిగడ్డంత దుంప. ఎక్కడో వేడి అడవుల్లో పుట్టిన అరుదైన జాతి. నిప్పురంగు పూలు, వాటికి పిల్లిమీసాల్లాంటి పొడుగాటి కేసరాలు. కోడలికి వాచీల పని నేర్పిన ముసలావిడ కన్నుమూసే ముందు దాన్ని ఆమె చేతిలో పెట్టింది. ఇంకొకటి కావాలంటే దొరకదు. ఆకులు రాలాయంటే అది నిద్రపోతున్నట్టు.

"మళ్లీ మొలక కనిపించేదాకా చుక్క నీళ్లు కూడా వద్దు మామయ్యా," అని చెప్పి, కోడలు ఒక పెద్ద గడియారం బాగుచేయడానికి పొరుగూరు వెళ్లింది. పని తెమలక చాలా రోజులు అక్కడే ఉండిపోయింది.

ఆమె మాట మామగారు ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశారు. బియ్యం కడిగిన నీళ్లు రోజూ గ్లాసుతో పోశారు. పాపం, ఒకరి కడుపు మాడ్చడం ఆయనకు చేతకాదు.

కోడలు తిరిగొచ్చి మట్టి తీసి చూస్తే దుంప మెత్తబడి కుళ్లువాసన కొడుతోంది. మామగారు దగ్గరికొచ్చి కుండీలోకి తొంగిచూశారు.

"నేనే పోశానమ్మా. ఆకలేస్తుందేమో అనుకున్నా."

ఇంకొకరైతే ఇల్లు పీకి పందిరేసేవాళ్లే. ఆమె మాత్రం వాచీల బల్ల ముందు కూర్చుని, కంటికి అద్దం తగిలించుకుని, కుళ్లిన పొరలను బ్లేడుతో ఒక్కొక్కటే కోసింది. చివరికి వెల్లుల్లి రెబ్బంత తెల్లటి ముక్క, దాని అడుగున వేళ్లు పుట్టే చోటు మాత్రమే మిగిలాయి. దానికి బొగ్గుపొడి అద్ది ఆరబెట్టింది. కూర రుచి చూడకుండానే ఉప్పెంతుందో చెప్పగలనని గొప్పలు పోయే మామగారు, ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నారు. ఇంతటి పనితనం, ఇంతటి ఓర్పు తన ఇంట్లోనే ఉన్నాయని ఆయనకు అప్పుడే తెలిసింది.

ఆరిన ముక్కను కొత్త కుండీలో నాటి, ఆమె దాన్ని తెచ్చి ఆయన మంచం పక్కనే పెట్టింది.

"ఇక దీన్ని మీరే చూసుకోవాలి మామయ్యా."

"నన్ను ఇంకా నమ్ముతావా?"

"ఇక మీకన్నా జాగ్రత్తగా ఎవరుంటారు?"

ఏళ్లు గడిచాయి. ఆకులున్నన్నాళ్లూ కొలిచి నీళ్లు, నిద్రపోతే పస్తు. ఆ పస్తు రోజుల్లో ఆయనకే ముద్ద దిగేది కాదు. దుంప మాత్రం ఏటేటా ఒళ్లు చేసింది.

ఒక ఉదయం కోడలు లేచేసరికి మామగారు నిండు గ్లాసు పట్టుకుని కుండీ ముందు నిలబడి ఉన్నారు. మట్టి పొడిగానే ఉంది. అందులోంచి ఒక కాడ తలెత్తింది, దాని కొసన నిప్పురంగు మొగ్గ.

"పొయ్యనా అమ్మా?" అన్నారు.

"పొయ్యండి మామయ్యా. కడుపునిండా పొయ్యండి."