బయటి నుంచి తొమ్మిది

మా నాన్న గాజు మీద రంగులు వేసేవాడు. విల్ట్‌షైర్‌లో మా ఊరి పాదిరిగారి ఇంటి దక్షిణపు కిటికీలో ఉన్న నీడగడియారం ఆయన చేసిందే. ఇనప పుల్ల బయట ఉంటుంది. దాని నీడ రంగుగాజు మీద పడితే గదిలో కూర్చున్నవాళ్లు గంట చూసుకుంటారు. అంకెలన్నీ లోపలివాళ్ల కోసం రాసినవి. తోటలో నిలబడి చూస్తే తిరగబడతాయి, రోమన్ అంకెల్లో పదకొండు కాస్తా తొమ్మిదవుతుంది. ఊళ్లో ఆవులు కాసేవాడికి కూడా ఈ సంగతి తెలుసు.

ఎవరార్డ్ టాలీ దొరకు తెలియదు. పాదిరిగారి మేనకోడలు డామరిస్‌ను పెళ్లాడడానికి లండన్ నుంచి దిగాడు. వచ్చిన రోజే తోటలోంచి ఆ గాజు మీద నాన్న బొమ్మగా వేసిన ఈగను టోపీతో నాలుగుసార్లు కొట్టి, "ఈ ఊళ్లో ఈగలకి కూడా సిగ్గు లేదు" అన్నాడు.

పెళ్లి పదకొండున్నరకు. పన్నెండు దాటితే ఆ రోజుకు చర్చిలో పెళ్లి చేయకూడదని చట్టం. అందరూ చర్చికి వెళ్లారు. నేను తోటలో నిలబడి కిటికీలో గాజు ముక్కల్ని కలిపే సీసపు పట్టీలు తుడుస్తున్నాను. సరిగ్గా పదకొండుకు పెళ్లికొడుకు గుర్రం మీద వచ్చి గాజు వంక చూశాడు.

"తొమ్మిదేనా? కోడిపందెం చూసొస్తా."

"లోపలికొచ్చి చూడండి దొరా. అది బయటినుంచి చదివేది కాదు."

"ఆ ఏడు చూడు, V తర్వాత రావాల్సిన నిలువుగీతలు ముందు పెట్టాడు మీ నాన్న. ఏడు రాయడం రానోడి కూతురు నాకు గంటలు నేర్పుతుందా?"

రెండోసారి చెప్పబుద్ధి కాలేదు. ఊరుకున్నాను. అందుకు ఈనాటికీ నాకు బాధ లేదు.

ఒంటిగంటకు తిరిగొచ్చాడు. అప్పటికే అందరూ ఇల్లు చేరారు. పాదిరిగారు ఆయన్ని గదిలోకి తీసుకెళ్లి నీడ చూపించారు. చాలాసేపు చూశాడు.

"గాజు తిప్పి బిగించండి. పెళ్లి రేపు చేసుకుందాం."

డామరిస్ చేతితొడుగులు విప్పుతూ, తుడుపుగుడ్డతో గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసింది. "లోపలికి రమ్మని ఈ పిల్ల చెప్పిందా?"

"గాజుపనోళ్ల మాట పట్టుకుని..."

"చెప్పిందా లేదా?"

"చెప్పింది."

"రేపు కూడా వద్దు మామయ్యా."

పాదిరిగారు భోజనాల గది తలుపు తీశారు. "వేట మాంసం చల్లారిపోతోంది, తిందాం రండి" అన్నారు. నన్నూ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎవరో ఒకరు బతిమాలడానికి వస్తారని టాలీ దొర సాయంత్రం దాకా తోటలో పచార్లు చేశాడు. ఎవరూ వెళ్లలేదు. గుర్రమెక్కి పోయాడు.

మరుసటి వేసవిలో డామరిస్ మా కొట్టుకు వచ్చి గాజు కోయడం నేర్పమంది. ఆమె కోత ఇప్పటికీ వంకరే. తెలియనిది మాత్రం అడుగుతుంది.