వదిన వినాల్సిన చప్పుడు

ఆసుపత్రి రికార్డులు చూసే ఆ ఆఫీసులో ఏ మార్పైనా ముందు కోడ్‌లో రాయాలి. ఆఫీసు పెద్దాయన చూసి సరే అన్నాక దాన్ని సర్వర్లకు ఎక్కించే పని యంత్రానిదే. సర్వర్‌ను ఎవరూ నేరుగా ముట్టుకోకూడదు.

చిట్టి ముట్టుకుంది.

వదినకు కడుపులోనే పోయిన బిడ్డ గుండె చప్పుడు ఆ రికార్డుల్లో ఉంది. ఏడాది దాటినవాటిని సిస్టమ్ తిరిగిరాకుండా చెరిపేస్తుంది. కాపీ ఇవ్వడానికి ఆసుపత్రి అనుమతి ఇంకా రాలేదు. పెద్దాయనను అడిగితే కసురుతాడేమోనని చిట్టి గుట్టుచప్పుడు కాకుండా సర్వర్లోకి వెళ్ళి ఆ చెరిపే పనిని ఆపేసింది. ఆ చప్పుడు వినిపిస్తానని వదినకు మాట కూడా ఇచ్చేసింది.

ఈ ఉదయం వేరేదో చిన్న మార్పు ఎక్కింది. కోడ్‌లో లేని మార్పు సర్వర్లో కనబడితే యంత్రం ఊరుకోదు, మళ్ళీ కోడ్‌లో ఉన్నట్టే సర్దేస్తుంది. అలాగే సర్దింది, చెరిపే పని మళ్ళీ మొదలైంది. చిట్టి చూసేసరికి ఆ చప్పుడు లేదు.

"అంతా సాఫీగా ఎక్కిందిగా, నీ మొహం అలా వాడిపోయిందేంటమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఒక్క రికార్డు చెరపకుండా ఉంచమని అడిగితే ఒప్పుకునేవారా సార్?"

"ఒక్క లైను రాస్తే పోయేదానికి ఒప్పుకోకేం? ఎవరిది?"

ఇంతలో చిట్టి ఫోన్ మోగింది.

"ఏమే చిట్టీ, ఎప్పుడు రమ్మంటావు?" వదిన గొంతులో ఎన్నాళ్ళకో కాస్త హుషారు.

"అనుమతి... ఇంకా రాలేదు వదినా."

"పోనీలే. నీ దగ్గరుందిగా, నాకు బెంగలేదు."