మలుపుల దగ్గర నెమ్మది

మా ఆవిడ చూడాలనుకున్న కొండదారి ఇది. మూడో రాష్ట్రంలోకి వచ్చేసరికి నాకు నడుము పట్టేసింది, చూసే ఓపికా పోయింది. మలుపులో కారు బాగా నెమ్మది చేశాను. వెనక లారీ హారన్ మోగించింది.

"బావా, నత్తలు కూడా మనల్ని దాటేస్తున్నాయి," అన్నాడు పక్కనున్న బావమరిది.

"మీ అక్కకి మలుపుల్లో కడుపులో తిప్పేది కదా. ఆవిడ పోయి ఏడాదైనా కాలు బ్రేకు మీదికే పోతోంది. ఇక ఇంటికి పోదాంరా."

వాడు అద్దం దించి గాలికి మొహం పెట్టాడు.

"అక్కకొక్కదానికే అనుకున్నావా? నాకూ పొద్దుట్నుంచి తిప్పుతూనే ఉంది. చెప్తే ప్రయాణం మానేస్తావని నోరు మూసుకున్నా. నీ నత్తనడకే నన్ను కాపాడింది. ఇలాగే పోనీ."

నా చేతిరుమాలు వాడికిచ్చాను. లారీకి దారి వదిలి, తర్వాతి మలుపులో ఇంకాస్త నెమ్మదిగా ముందుకు పోనిచ్చాను.